మనస్తత్వ ప్రయోగాలు చదవడం ఎలా? – 4వ పాఠం: మాట కొట్టేసి చూడటం

ప్రయోగ ఫలితాన్ని సొంత మాటల్లో ఒక్క వాక్యంగా రాయడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి ఆ వాక్యంలోంచి ఒక్కో మాట కొట్టేస్తూ పోదాం. కొట్టేశాక కూడా వాక్యం నిలబడుతుందా? నిలబడుతుందని ఎవరైనా పరీక్షించి చూశారా? ఈ పాఠమంతా ఈ రెండు ప్రశ్నలే.

సాధనకు మార్ష్‌మెల్లో (ఒక మెత్తటి మిఠాయి) పరీక్ష తీసుకుందాం. "ఎదురుగా ఉన్న మిఠాయి తినకుండా ఆగిన పిల్లలు జీవితంలో పైకొస్తారు" అని పేరెంటింగ్ వీడియోల్లో తరచూ వింటుంటాం. ఇందులో మనం కొట్టేయడానికి ఏమీ లేదు, అన్నీ ముందే కొట్టేశారు. కాబట్టి ముందు వాటిని తిరిగి రాయాలి.

1960ల చివర్లో వాల్టర్ మిషెల్ బృందం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని బింగ్ నర్సరీ స్కూల్లో ఈ ప్రయోగాలు మొదలుపెట్టింది. నాలుగేళ్లు అటూ ఇటూగా ఉన్న పిల్లలు. చాలామంది ఆ యూనివర్సిటీ వాళ్ల బిడ్డలే. ఇప్పుడే తింటే ఒకటి, తిరిగొచ్చేదాకా ఆగితే రెండు అని చెప్పి పరిశోధకుడు గది బయటికి వెళ్తాడు. ఎంతసేపు ఆగారన్నదాన్ని, ఆ పిల్లల్లో కొందరికి తర్వాత శాట్‌లో (అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు రాసే పరీక్ష) వచ్చిన మార్కులతో 1990లో పోల్చి చూశారు. మిఠాయి కళ్లెదుటే ఉండి, మనసు మళ్లించుకునే ఉపాయమేదీ చెప్పని గుంపులోనే గట్టి సంబంధం కనబడింది. ఆ గుంపులో శాట్ మార్కులు దొరికింది 35 మందివి. ఇంత చిన్న నమూనాలో సంబంధం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుండొచ్చని పరిశోధకులే రాశారు. వీడియోల్లో ఆ ముక్క వినిపించదు లెండి.

ఇక పెన్ను తీసుకోండి.

మొదట "యూనివర్సిటీ వాళ్ల బిడ్డలు" కొట్టేద్దాం. 2018లో టైలర్ వాట్స్ బృందం 900 పైచిలుకు అమెరికన్ పిల్లల వివరాలు చూసింది. తల్లులు డిగ్రీ దాకా చదవని ఇళ్ల పిల్లలు అందులో పెద్ద సంఖ్యలో ఉన్నారు. పదిహేనేళ్ల వయసులో చదువుతో సంబంధం పాత అంచనాలో సగమే తేలింది. ఇంటి పరిస్థితులు, పసితనంలోని తెలివితేటలు లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండు వంతులు పోయింది. అంటే "పైకొస్తారు" అన్న మాట బాగా బలహీనపడింది.

తర్వాత "మాట నిలబెట్టుకునే పెద్దవాళ్లు" కొట్టేయండి. అసలు వాక్యంలో ఈ మాటే లేదంటారా? చాలా ప్రయోగాల్లో ఇలాంటి షరతొకటి ఎవరూ రాయకుండానే దాగి ఉంటుంది, పట్టుకోవాల్సింది దాన్నే. 2013లో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు 28 మంది పిల్లలతో దీన్నే పరీక్షించారు. మంచి రంగులు, స్టిక్కర్లు తెస్తామని సగం మందికి చెప్పి తెచ్చారు. మిగతా సగానికి చెప్పి, చివరికి లేవన్నారు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, తప్పిన మనిషి కోసం 3 నిమిషాలు. రెండో గుంపు పిల్లలకు నిగ్రహం లేదంటారా? నాకైతే వాళ్లు లోకజ్ఞానం ఉన్నవాళ్లలా కనిపిస్తారు.

ఇక "అమెరికా" కొట్టేయండి. కామెరూన్‌లో న్సో తెగ రైతు కుటుంబాల నాలుగేళ్ల పిల్లలను, జర్మనీ మధ్యతరగతి పిల్లలను పోల్చిన అధ్యయనం 2018లో వచ్చింది. న్సో పిల్లల్లో పదికి ఏడుగురి దాకా చివరివరకూ ఆగారు, జర్మన్ పిల్లల్లో పదికి ముగ్గురు కూడా లేరు.

ఇక్కడ కొందరు రెండో వైపుకి దూకేస్తారు: "అవన్నీ అమెరికా వాళ్ల లెక్కలు, మనకెందుకు?" ఇదీ పరీక్షించని మాటే. మిషెల్ మొదట వెతికింది భవిష్యత్తును కాదు, ఆగడం దేనివల్ల తేలికవుతుందో. మిఠాయి కనబడకుండా చేసినప్పుడు, సరదా సంగతి తలచుకోమన్నప్పుడు పిల్లలు ఎక్కువసేపు ఆగారు. ఇది వేరే చోట చెల్లదనాలంటే, ఎందుకు చెల్లదో కారణం చూపాలి. కారణం చెప్పలేకపోతే పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంచండి, కొట్టేయకండి.

అభ్యాసం: "యేల్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో, పరిశోధకుడు ఆదేశిస్తూ ఉండగా, 40 మంది మగవాళ్లలో 26 మంది, అవతలి మనిషికి 450 వోల్టుల షాక్ ఇస్తున్నామనుకుంటూ చివరి స్విచ్ దాకా వెళ్లారు." 1960ల మొదట్లో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగం ఇది. ఒక్కో మాట కొట్టేసి, ఫలితం ఎటు మారుతుందో పక్కన రాయండి. "యేల్" కొట్టేసినప్పుడు మాత్రం మీ అంచనా అంకెల్లో వేయండి. ఆ పేరు ఎక్కడా కనబడకుండా, బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్లో ఒక మామూలు ఆఫీసు అద్దెకు తీసుకుని, మిల్‌గ్రామ్ స్వయంగా మరో 40 మందితో చేసి చూశాడు. ఎంతమంది చివరిదాకా వెళ్లారో 5వ పాఠం మొదట్లో చెబుతాను.