బరిలో ఏ పోరాట విద్య నిలుస్తుందో పోల్చి చూడడం ఎలా?

పిల్లలను కరాటేలో చేర్చాలా, బాక్సింగ్‌లో చేర్చాలా అని మా బెంగళూరు మారతహళ్లిలోని తెలుగు తల్లిదండ్రులు అడిగినప్పుడల్లా, ముందుగా పోటీ నియమాలను చూడమని చెబుతాను. పట్టి పడవేయడం నిషిద్ధమైన బాక్సింగ్ బరిలో మల్లయోధుడు నిస్సహాయుడు. పట్టులకు అనుమతి ఉన్న మిశ్రమ పోటీలో బాక్సర్‌కూ అదే గతి పట్టవచ్చు.

1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ (వేర్వేరు పోరాట విద్యల వారు తలపడే మిశ్రమ పోటీ) పోటీలో, బరువు తరగతులు లేకపోయినా, నేల మీద పట్టులతో లొంగదీసే బ్రెజిలియన్ జియుజిట్సు నేర్చిన రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీయగలగడానికి ప్రధాన కారణం, నేల మీది పోరు ప్రత్యర్థులకు అతనికి తెలిసినంతగా తెలియకపోవడమే. ఆ విద్యను అందరూ అభ్యసించాక ఆ ఆధిక్యం తగ్గింది. పోరు నిలబడి సాగాలా, నేల మీద సాగాలా అన్నది నిర్ణయించగలిగే కుస్తీకి విలువ పెరిగింది.

తరువాత శిక్షణశాలకు స్వయంగా వెళ్లి, నిజంగా ప్రతిఘటించే జోడీతో సాధన వారానికి ఎన్నిసార్లు జరుగుతుందో గమనించండి. విద్య పేరు కంటే, బెల్టు రంగు కంటే ఇదే నమ్మదగిన కొలమానం. జూడోలో, థాయ్‌లాండ్ కిక్‌బాక్సింగ్ అయిన ముయే థాయ్‌లో ఈ అభ్యాసం శిక్షణలోనే అంతర్భాగం. చిన్న పిల్లలనైతే, తలపై దెబ్బలకు తావులేని జూడోతోనో కుస్తీతోనో ప్రారంభింపజేయాలన్నది నా దృఢమైన అభిప్రాయం.