టైలుకు అంటించిన కొక్కెం ఊడిపోకుండా

గరిటెలు తగిలించడానికి వంటింటి టైలుకు అంటించిన కొక్కేలు మా నల్లగొండ ఇంట్లో వారం తిరగకముందే ఊడిపడేవి. పొయ్యి దగ్గర టైలుపై కంటికి కనిపించని నూనె పొర ఉంటుంది, దాని మీద జిగురు పట్టదు.

అర లీటరు గోరువెచ్చని నీళ్లలో అంట్లు తోమే ద్రవం నాలుగు చుక్కలు కలిపి తుడవండి. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. సబ్బు పొర మిగిలినా జిగురు నిలవదు, నేను చాలాకాలం ఇక్కడే పొరబడ్డాను. బోరు నీళ్లు వద్దు, ఆరాక తెల్లటి ఉప్పు మిగులుతుంది. ఇప్పుడు ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. ముత్యంలా నిలబడితే జిడ్డు ఇంకా ఉన్నట్టే, మళ్లీ తుడవాలి. పలచగా పరుచుకుంటే చాలు.

పూర్తిగా ఆరాక, మందుల దుకాణంలో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూది తడిపి ఒకే దిశలో తుడవండి. ఐదు నిమిషాలు ఆరనిచ్చి కొక్కెం అంటించి, అర నిమిషం గట్టిగా నొక్కి పట్టండి. మరుసటి రోజు వరకు బరువు తగిలించకండి.

ఆల్కహాల్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది కాబట్టి ముందు పొయ్యి ఆర్పేయండి. సున్నం గోడకు, గరుకు షాబాద్ బండకు మాత్రం ఈ పద్ధతి పనిచేయదు.