రస్ట్‌లో వేరియబుల్స్ ఎలా నేర్చుకోవాలి?

బెంగళూరు మారతహళ్లి, బీటీఎం లేఔట్ పీజీల్లో ఉంటూ జావా, పైథాన్ నేర్చుకున్న మనవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టిన చాలామందికి తొలి అడ్డంకి వేరియబులే, అంటే విలువకు పెట్టే పేరే. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఎర్రర్‌కు భయపడకండి, కావాలనే తెప్పించుకోండి. ఎక్కడ తప్పు జరిగిందో, చాలాసార్లు ఎలా దిద్దాలో కూడా కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే రస్ట్ కంపైలరే చెబుతుంది.

1. ఇన్‌స్టాల్ అక్కర్లేదు

కోడ్ రాసి అక్కడే రన్ చేసుకునే రస్ట్ ప్లేగ్రౌండ్ సైట్‌ను బ్రౌజర్‌లో తెరవండి. లెట్, మట్ లాంటి కీవర్డ్‌లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి; ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. వేరియబుల్ పేర్లు మాత్రం తెలుగులో పెట్టుకోవచ్చు. 2021లో వచ్చిన 1.53 వెర్షన్ నుంచి ఆ వీలుంది.

2. మారని విలువ, మారే విలువ

మెయిన్ ఫంక్షన్‌లో ఇలా రాసి, అద్దెను ప్రింట్ చేయండి:

లెట్ అద్దె = 9000;

కింద ఇంకో లైనులో:

అద్దె = 9500;

మళ్లీ ప్రింట్ చేసి రన్ కొట్టండి. ఈ0384 (E0384) నంబర్ ఎర్రర్ వస్తుంది. రస్ట్‌లో వేరియబుల్‌కు ఒకసారి విలువ ఇస్తే, మామూలుగా అది మారదు. మారాలంటే ముందే చెప్పాలి:

లెట్ మట్ అద్దె = 9000;

ఇప్పుడు రన్ అవుతుంది. ఇది చాదస్తం కాదు. ప్రోగ్రామ్ వేల లైన్లకు పెరిగాక, తప్పు విలువ ఎక్కడ దూరిందో వెతకాలంటే మట్ ఉన్న చోట్లు చూస్తే చాలావరకు సరిపోతుంది.

3. అదే పేరుతో మళ్లీ లెట్

మెట్రో కార్డులో వేయాల్సిన మొత్తాన్ని యూజర్ టైప్ చేస్తే, అది స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరసగా వస్తుంది. దాన్ని అంకెగా మార్చి, అదే "మొత్తం" పేరుతో మళ్లీ లెట్ రాయొచ్చు. దీన్ని షాడోయింగ్ అంటారు. ఇక్కడ పుట్టేది కొత్త వేరియబుల్, అందుకే టైప్ మారినా పర్లేదు. మట్‌తో ఆ పని కుదరదు, ఈ0308 వస్తుంది. రెండూ రాసి చూడండి.

ఎప్పటికీ మారని విలువలకు కాన్‌స్ట్ వాడాలి, టైప్ తప్పనిసరిగా రాయాలి.

4. విలువకు ఓనర్ ఎవరు?

ఇక్కడ తొందరపడొద్దు. రస్ట్‌కు ప్రాణం ఇదే.

లెట్ భాష = స్ట్రింగ్::ఫ్రమ్("తెలుగు");
లెట్ ఇంకోటి = భాష;

ఇప్పుడు "భాష"ను ప్రింట్ చేయబోతే ఈ0382 వస్తుంది. అక్షరాలు ఉండేది హీప్‌లో, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీలో. వేరియబుల్ దగ్గర ఉండేవి వాటి అడ్రస్, పొడవు, కెపాసిటీ. 64-బిట్ మెషీన్‌లో మొత్తం 24 బైట్లు. రెండు వేరియబుల్స్‌నూ ఓనర్లుగా ఉంచితే, స్కోప్ (ఆ పేర్లు చెల్లే కోడ్ భాగం) ముగిశాక ఒకే మెమరీని రెండుసార్లు ఖాళీ చేయాల్సి వస్తుంది. సీ భాషలో ప్రోగ్రామ్‌లను కూల్చే తప్పుల్లో ఇదొకటి. అందుకే రస్ట్ ఓనర్‌షిప్‌ను రెండో పేరుకు మార్చేస్తుంది. బైక్ ఆర్‌సీ ఇంకొకరి పేరుకు మారాక పాత ఓనరు దాన్ని నడపలేడు; తాళం అరువిస్తే మాత్రం ఓనరు మారడు. ఆ అరువునే రస్ట్‌లో బారో అంటారు: రెండో లైనులో "భాష" ముందు & గుర్తు పెట్టండి, రెండు పేర్లూ ప్రింట్ అవుతాయి. వేరే కాపీ కావాలంటే క్లోన్ వాడండి.

ఇదే ప్రయోగం 9000 అనే అంకెతో చేస్తే ఎర్రర్ రాదు. పూర్ణాంకాలు చిన్నవి, హీప్ జోలికి పోవు కాబట్టి కాపీ అయిపోతాయి.

అన్నట్టు, "తెలుగు" పొడవును లెన్‌తో అడిగితే 18 అంటుంది. అది లెక్కపెట్టేది అక్షరాలను కాదు, బైట్లను; గుణింతపు గుర్తులతో కలిపి ఆరు, అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడేసి బైట్లు.

5. ముందే ఊహించండి

రన్ కొట్టే ముందు ఏ లైనులో ఎర్రర్ వస్తుందో కాగితం మీద రాసుకోండి. ఊహ తప్పితే, ప్లేగ్రౌండ్‌లో ఆ ఎర్రర్ నంబర్ మీద నొక్కండి. ఉదాహరణతో సహా వివరణ వస్తుంది. ఈ0384, ఈ0382 చూడకుండానే ఊహించగలిగితే, మట్ రిఫరెన్స్‌లకు, అంటే విలువను మార్చనిచ్చే అరువులకు వెళ్లిపోవచ్చు.