గ్యాస్ టర్బైన్‌లో ప్రత్యామ్నాయ వాయు ఇంధనాలు – మూడవ పాఠం: వోబ్ సూచిక

క్రిందటి పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం: మీథేన్, హైడ్రోజన్ మండడానికి ఎంతెంత గాలి కావాలి? ఒక ఘనపు మీటరు మీథేన్ పూర్తిగా మండడానికి 9.52 ఘనపు మీటర్ల గాలి కావాలి. అదే హైడ్రోజన్‌కైతే 2.38 చాలు. హైడ్రోజన్‌కు నాలుగో వంతు గాలి సరిపోతుందని చెప్పి అక్కడే ఆగిపోతే జవాబు సగమే వచ్చినట్టు. మీథేన్ ఘనపు మీటరుకు 35.8 మెగాజౌళ్లు ఇస్తుంది, హైడ్రోజన్ 10.8 మాత్రమే ఇస్తుంది. కాబట్టి ఒక మెగాజౌలు వేడికి మీథేన్‌కు 0.27 ఘనపు మీటర్ల గాలి, హైడ్రోజన్‌కు 0.22 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. పైకి నాలుగు రెట్లుగా కనిపించిన తేడా వేడి ప్రకారం చూస్తే ఐదో వంతుకు కుదించుకుపోయింది. (ఈ పాఠాల్లో ఉష్ణ విలువ అంటే, పొగలోని ఆవిరి నీరుగా మారేటప్పుడు వచ్చే వేడిని కలపని దిగువ విలువ, ఘనపు మీటరు అంటే 0 డిగ్రీల సెల్సియస్, ఒక వాతావరణ పీడనం వద్ద కొలిచినది.)

ఈ లెక్కను గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే టర్బైన్‌కు కావలసింది ఘనపు మీటర్లు కాదు, సెకనుకు ఇన్ని మెగాజౌళ్ల వేడి. ఆ వేడి ఇంధన నాజిల్‌లోని చిన్నచిన్న రంధ్రాల గుండా దహన గదిలోకి రావాలి. రంధ్రాల వైశాల్యం తయారీలోనే స్థిరపడిపోతుంది. గ్యాస్ మారినంత మాత్రాన అది మారదు. మరి సహజవాయువు కోసం చేసిన రంధ్రంలోనుంచి వేరే గ్యాస్‌ను పంపితే ఎంత వేడి లోపలికి వెళుతుంది?

పీడనంలో తేడా మరీ ఎక్కువ కానంతవరకు, రంధ్రం గుండా పోయే గ్యాస్ పరిమాణం ఆ తేడా వర్గమూలానికి అనులోమంగానూ, గ్యాస్ సాంద్రత వర్గమూలానికి విలోమంగానూ ఉంటుంది. తేలిక గ్యాస్ వేగంగా దూసుకుపోతుంది, బరువైనది నెమ్మదిగా కదులుతుంది. ఆ పరిమాణాన్ని ఉష్ణ విలువతో గుణిస్తే వచ్చేదే మనకు కావలసిన వేడి. కనుక రెండు గ్యాసులను పోల్చడానికి ఉష్ణ విలువను, గాలితో పోల్చిన సాపేక్ష సాంద్రత వర్గమూలంతో భాగిస్తే చాలు. దీన్ని 1920లలో ప్రతిపాదించిన ఇటలీ దేశస్థుడు గోఫ్రెడో వోబ్ పేరు మీద వోబ్ సూచిక అంటారు.

ఉష్ణ విలువ ఒక్కదాన్నే చూస్తే ఎలా మోసపోతామో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌ల జంట చక్కగా చూపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ ఉష్ణ విలువ 12.6, హైడ్రోజన్‌ది అంతకంటే తక్కువ, 10.8. కానీ కార్బన్ మోనాక్సైడ్ సాపేక్ష సాంద్రత 0.967, దాని వర్గమూలం 0.983, వోబ్ సూచిక 12.8. హైడ్రోజన్ సాపేక్ష సాంద్రత 0.0695, వర్గమూలం 0.264, సూచిక దాదాపు 41. అంటే ఒకే రంధ్రం, ఒకే పీడన తేడా ఉన్నప్పుడు హైడ్రోజన్ మూడు రెట్లకు పైగా వేడిని మోసుకొస్తుంది. మీథేన్ సూచిక 48 కాబట్టి, నాజిల్ దృష్టిలో హైడ్రోజన్ దానికి దగ్గరి బంధువే.

ఇప్పుడు బయోగ్యాస్ తీసుకొని కాగితం మీద మీరే చేయండి. 60 శాతం మీథేన్, 40 శాతం కార్బన్ డయాక్సైడ్ అనుకుందాం. ఉష్ణ విలువ 0.6 × 35.8 = 21.5. సాపేక్ష సాంద్రత 0.6 × 0.554 + 0.4 × 1.519 = 0.94. దాని వర్గమూలం 0.97. సూచిక 22.2. మీథేన్ సూచికను దీనితో భాగిస్తే 2.17 వస్తుంది. పీడన తేడా మారకుండా అదే వేడి కావాలంటే రంధ్రాల వైశాల్యం 2.17 రెట్లు ఉండాలి. రంధ్రాలను మార్చకపోతే పీడన తేడా 2.17 వర్గం, అంటే దాదాపు 4.7 రెట్లు కావాలి. రంధ్రాలు మార్చడం ఒకసారి పెట్టే ఖర్చు; పీడనం పెంచడం మాత్రం గ్యాస్ కంప్రెసర్ నడిచినన్నాళ్లూ భరించాల్సిన ఖర్చు.

వేడిచేసిన గ్యాస్‌కు చిన్న సవరణ అవసరం. వేడెక్కితే సాంద్రత తగ్గి గ్యాస్ వేగం పెరిగినా, ఘనపు మీటరులో ఉండే వేడి అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది కాబట్టి, కెల్విన్‌లలో ఉష్ణోగ్రతను కూడా వర్గమూలం కింద చేర్చాలి. గ్యాస్‌ను 15 డిగ్రీల సెల్సియస్ నుంచి 185 డిగ్రీలకు వేడిచేస్తే సవరించిన సూచిక సుమారు 21 శాతం తగ్గుతుంది. సరఫరాలో గ్యాస్ కాస్త గాఢంగా వచ్చిన రోజున హీటర్‌ను పెంచి సూచికను యథాస్థానానికి తెచ్చుకునే ఉపాయం ఇందులోనుంచే పుట్టింది. ముందే గాలితో కలిపి మండించే దహన గదుల్లో సాధారణంగా 5 శాతం అటూ ఇటూ మాత్రమే సహిస్తారు కనుక ఇది చిన్న విషయం కాదు. సూచిక మరీ పెరిగితే నాజిల్ వద్ద పీడన తేడా పడిపోయి, దహన గదిలోని పీడన కంపనాలు ఇంధన ప్రవాహాన్నే ఊపడం మొదలుపెడతాయి.

అయితే వోబ్ సూచికకు రంధ్రం తెలుసు, మంట తెలియదు. మీథేన్‌లో ఘనపరిమాణంలో 30 శాతం హైడ్రోజన్ కలిపితే సూచిక 44కు వస్తుంది, అంటే 8 శాతం తగ్గుదల. వేడిలో హైడ్రోజన్ వాటా 11 శాతం పైచిలుకే. ఈ అంకెలు చూసి నిశ్చింతగా ఉండేవారికి నా హెచ్చరిక ఒకటి: మామూలు పీడనం వద్ద మీథేన్ స్తరీయ జ్వాల వేగం (సుడులు లేని గ్యాస్-గాలి మిశ్రమంలో మంట ముందుకు పాకే వేగం) గరిష్ఠంగా సెకనుకు 0.4 మీటరు దగ్గర ఉంటే, హైడ్రోజన్‌ది సుమారు 3 మీటర్లు. మంట నాజిల్‌లోకి వెనక్కి పాకుతుందా లేదా అన్నది ఈ వేగం మీద ఆధారపడుతుంది. దాన్ని సూచికలో వెతకకూడదు.

అభ్యాసం: బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో (ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమి వదిలే గ్యాస్) కార్బన్ మోనాక్సైడ్ 22, హైడ్రోజన్ 3, కార్బన్ డయాక్సైడ్ 22, నైట్రోజన్ 53 శాతం ఉన్నాయనుకోండి. నైట్రోజన్ సాపేక్ష సాంద్రతను 0.967గా తీసుకొని వోబ్ సూచిక కట్టండి. తర్వాత మీథేన్‌తో సమానమైన వేడికి ఈ గ్యాస్ ఎన్ని రెట్ల బరువు పంపాలో లెక్కించండి. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.293 కిలోలు. ఆ రెండో జవాబు 20 దాటితే లెక్క సరైన దారిలో ఉన్నట్టే. అంత బరువైన ఇంధన ప్రవాహం టర్బైన్‌లో చేరినప్పుడు ప్రధాన కంప్రెసర్ సర్జ్‌కు (గాలి ప్రవాహం తెగి వెనక్కి తన్నే స్థితికి) ఎందుకు దగ్గరవుతుందో నాలుగవ పాఠంలో చూద్దాం.