టిబెటో-బర్మన్ భాషల్లో ‘నేను, నువ్వు, అతను’ తేడాను ఎలా పట్టుకోవాలి?

తెలుగులో ‘వచ్చాను’ అంటే చాలు, వచ్చిందెవరో తెలిసిపోతుంది. టిబెట్, నేపాల్, మన ఈశాన్య రాష్ట్రాలు, మయన్మార్‌లలో వినిపించే టిబెటో-బర్మన్ భాషలు ఈ పనిని ఒక్కోటి ఒక్కో తీరులో చేస్తాయి. వాటిలో ఏదైనా నేర్చుకోవాలనుకుంటే ఇలా మొదలుపెట్టండి.

1. ముందు సర్వనామాలు రాసుకోండి. ‘మనం’, ‘మేము’ విడివిడిగా అడగండి. ఇంగ్లీషులో అడిగితే ఈ తేడా జారిపోతుంది. తెలుగువాళ్లకు ఆ ఇబ్బంది లేదు. తూర్పు నేపాల్, సిక్కింలలోని లింబులో ‘అని’ అంటే మనం, ‘అనిగె’ అంటే మేము. ఇద్దరే ఉంటే ‘అంచి’, ‘అంచిగె’.

2. ఒకే క్రియను ముగ్గురికీ వాడి చూడండి. మణిపురిలో ఎవరు వెళ్తున్నా ‘చత్లి’యే, కాబట్టి అక్కడ సర్వనామమే దిక్కు. మిజోలో గుర్తు క్రియకు ముందు వస్తుంది: ‘క కల్’ (వెళ్తాను), ‘ఇ కల్’ (వెళ్తావు), ‘అ కల్’ (వెళ్తాడు, వెళ్తుంది).

3. పని చేసేవాళ్లతో పాటు, ఆ పని ఎవరి మీద జరుగుతుందో వాళ్లూ ఉన్న వాక్యం అడగండి. లింబులో ‘నేను నిన్ను’ అనే జంట మొత్తానికీ క్రియ చివర ‘-నె’ ఒక్కటే వస్తుంది.

4. ఇక్కడితో ఆపేస్తే అసలు సంగతి తప్పిపోతుంది. ప్రశ్న కూడా అడగండి. కాఠ్మాండూ నేవారీలో ‘జి వనా’ అంటే నేను వెళ్లాను. ‘ఛ వన’ నువ్వు వెళ్లావు. ‘వ వన’ అతను వెళ్లాడు. దీర్ఘం ‘నేను’ గుర్తే అనిపిస్తుంది కదా? కానీ ‘వెళ్లావా?’ అని అడిగితే ‘ఛ వనా లా?’ అంటారు. జవాబు చెప్పాల్సింది నువ్వు కాబట్టి దీర్ఘం అటు మారింది. ఆస్టిన్ హేల్ 1980లో దీన్ని వివరించాక భాషావేత్తల దృష్టి ఇటు మళ్లింది.

5. ఒకరు చెప్పిన మాటనూ పరీక్షించండి. ‘రాజు వస్తానన్నాడు’ అంటే వచ్చేది రాజే. ‘వస్తాడన్నాడు’ అంటే ఇంకెవరో. నేవారీలోనూ అంతే: వెళ్లింది తానేనని చెబితే ‘వనా’, వేరొకరని చెబితే ‘వన’.

అయితే ఈ దీర్ఘం కావాలని చేసే పనులకే. జబ్బు పడటం లాంటి మన చేతిలో లేని వాటికి ‘నేను’ ఉన్నా ‘నువ్వు, అతను’లకు వాడే రెండో రూపమే వస్తుంది. అందుకే మొదట ‘వెళ్లు’, ‘తిను’ లాంటి క్రియలతో చూసి, ‘పడిపోయాను’ లాంటివి తర్వాత అడగండి.