ఎల్‌ఎం2596 మాడ్యూల్‌తో ఎల్‌ఈడీ కరెంట్‌కు కళ్లెం

నీలం రంగు ప్రీసెట్ (స్క్రూతో తిప్పే చిన్న వేరియబుల్ రెసిస్టర్) ఉండే ఎల్‌ఎం2596 బక్ మాడ్యూల్, అంటే వోల్టేజ్‌ని తగ్గించి ఇచ్చే చిన్న బోర్డు, చాలామంది దగ్గర ఒకటో రెండో పడి ఉంటుంది. స్క్రూ తిప్పి 3.2 వోల్టులు పెట్టి, 1 వాట్ తెల్ల ఎల్‌ఈడీని డైరెక్ట్‌గా తగిలించేస్తారు. కాసేపు బాగానే వెలుగుతుంది. కానీ ఎల్‌ఈడీ వేడెక్కేకొద్దీ దానికి కావాల్సిన వోల్టేజ్ తగ్గుతుంది, మాడ్యూల్ మాత్రం మొండిగా అదే 3.2 ఇస్తూ ఉంటుంది, దాంతో కరెంట్ పెరిగి, ఇంకా వేడెక్కి, ఇంకా పెరిగి చివరికి మాడిపోతుంది. కట్టడి చేయాల్సింది కరెంట్‌ని. దానికి కొత్త డ్రైవర్ కొనక్కర్లేదు, ఉన్న మాడ్యూల్‌నే మార్చుకోవచ్చు.

నిజానికి ఈ మాడ్యూల్ మీదున్న ఎల్‌ఎం2596 ఐసీ చూసేది ఒక్కటే, 4వ కాలు దగ్గర, అంటే ఫీడ్‌బ్యాక్ పిన్ దగ్గర 1.23 వోల్టులు ఉన్నాయా లేదా అని. తక్కువైతే ఔట్‌పుట్ పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. మామూలుగా ప్రీసెట్, దాని దగ్గరున్న చిన్న ఎస్‌ఎండీ (బోర్డు మీదే అతికించి ఉండే) రెసిస్టర్ కలిసి ఔట్‌పుట్ వోల్టేజ్‌లో కొంత భాగాన్ని ఆ పిన్‌కి చూపిస్తుంటాయి. మనం దానికి వేరేది చూపిస్తాం: ఎల్‌ఈడీ మైనస్‌కీ, మాడ్యూల్ ఔట్ మైనస్‌కీ మధ్య ఒక రెసిస్టర్ పెట్టి, దాని మీద పడే వోల్టేజ్‌ని.

లెక్క సింపుల్. 1.23ని కావాల్సిన కరెంట్‌తో భాగిస్తే రెసిస్టర్ విలువ వస్తుంది. 1 వాట్ ఎల్‌ఈడీకి 350 మిల్లీఆంప్స్ అంటారు గానీ నేనైతే 300 దగ్గరే ఆపుతాను, వెలుతురులో తేడా కంటికి తెలీదు, వేడి మాత్రం తగ్గుతుంది. 12 ఓమ్‌లవి మూడు ప్యారలల్‌గా పెడితే 4 ఓమ్‌లు, కరెంట్ 307 మిల్లీఆంప్స్. ఒక్కోదాని మీద 0.13 వాట్ కూడా పడదు కాబట్టి పావు వాట్‌వి సరిపోతాయి, అర వాట్‌వైతే నిశ్చింత. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే చిల్లర డబ్బులకే ఇస్తారు. వీటి బదులు తిప్పుకునే పాట్ పెట్టొద్దు, సున్నా వైపు తిప్పారంటే ఎల్‌ఈడీ గోవిందా.

ఇప్పుడు పని. ప్రీసెట్‌ని పీకేయండి. ఫీడ్‌బ్యాక్ పిన్ నుంచి గ్రౌండ్‌కి వెళ్లే ఎస్‌ఎండీ రెసిస్టర్‌ని కూడా తీసేయండి, ఇది మర్చిపోతే కొంప మునుగుతుంది. ఎందుకంటే మన రెసిస్టర్ల పైకొస (ఎల్‌ఈడీ మైనస్ కలిసే చోటు) నుంచి ఫీడ్‌బ్యాక్ పిన్‌కి 1 కిలో ఓమ్ ద్వారా వైరు వేస్తాం (దాని అవసరం ఇప్పుడే చెప్తాను). చాలా బోర్డుల్లో ఆ ఎస్‌ఎండీ 330 ఓమ్‌లది, దాని మీద 331 అని ఉంటుంది. అది అలాగే ఉంటే ఈ రెండూ కలిసి వోల్టేజ్‌ని నాలుగో వంతుకి పంచేస్తాయి, ఐసీ ఏమో ఇంకా చాల్లేదనుకుని 1.2 ఆంప్స్ దాకా తోస్తుంది.

ఆ 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టేది జీనర్ కోసం, అంటే తన మీద రాసిన వోల్టేజ్ దాటితేనే వెనక్కి కరెంట్‌ని వదిలే డయోడ్ కోసం. ఎల్‌ఈడీ వైరు ఊడిపోతే ఫీడ్‌బ్యాక్ సున్నా అవుతుంది, ఔట్‌పుట్ దాదాపు ఇన్‌పుట్ వోల్టేజ్ దాకా ఎక్కేస్తుంది, ఔట్‌పుట్ కెపాసిటర్ నిండా ఛార్జ్ అయి కూర్చుంటుంది. అప్పుడు వైరు మళ్లీ తగిలించారో, ఆ దెబ్బకే ఎల్‌ఈడీ పోతుంది. రెండు ఎల్‌ఈడీల సిరీస్‌కి 9.1 వోల్టుల జీనర్ తీసుకుని, గీత ఉన్న కొసని ఔట్ ప్లస్‌కి, రెండో కొసని ఫీడ్‌బ్యాక్ పిన్‌కి వేస్తే జీనర్ దాటొచ్చిన కరెంట్ ఆ 1 కిలో ఓమ్ మీద 1.23 వోల్టులు చూపిస్తుంది, ఔట్‌పుట్ 10 వోల్టుల చుట్టుపక్కలే ఆగిపోతుంది. అయినా సరే, పవర్ ఆన్‌లో ఉండగా ఎల్‌ఈడీ వైర్లు ముట్టుకోవద్దు.

12 వోల్టుల బ్యాటరీ మీద రెండు ఎల్‌ఈడీలే నడుస్తాయి. మూడంటే 9.6, దానికి 1.23 కలిపితే దాదాపు 11, పైగా ఐసీ తనకోసం ఒక వోల్ట్ తింటుంది, బ్యాటరీ కాస్త దిగగానే వెలుగు తగ్గిపోతుంది. మూడు కావాలంటే 19 వోల్టుల పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ వాడండి, జీనర్ 12 వోల్టులది వేయండి.

టెస్ట్ చేయడానికి ఎల్‌ఈడీని బలిపెట్టక్కర్లేదు. మల్టీమీటర్ ఎర్ర ప్రోబ్‌ని 10 ఆంప్స్ సాకెట్‌లో పెట్టి, ఎల్‌ఈడీ ఉండాల్సిన చోట మీటర్‌నే కలిపి పవర్ ఇవ్వండి. 0.30, 0.31 చూపిస్తే పని అయినట్టే. 1 దాటిందంటే ఆ 331 ఇంకా బోర్డు మీదే ఉందేమో చూడండి. పవర్ తీసేసి, కెపాసిటర్ ఖాళీ అయ్యాక అప్పుడు ఎల్‌ఈడీని హీట్‌సింక్‌తో సహా కలపండి.

బండికి పెట్టేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: ఎల్‌ఈడీ మైనస్ ఛాసిస్‌కి తగలకూడదు. తగిలితే రెసిస్టర్‌ని దాటేసి కరెంట్ నేరుగా వెళ్లిపోతుంది, ఐసీకి ఏమీ కనపడదు, ఎల్‌ఈడీ అక్కడికక్కడే పోతుంది.

రెసిస్టర్లలో వృథా అయ్యేది 0.38 వాట్, రెండు ఎల్‌ఈడీలు తినేది 2 వాట్లలోపే, కాబట్టి బ్యాటరీ మీద అది తక్కువేం కాదు. ఇలాంటిదే ఎంపీ1584 మాడ్యూల్ అయితే రిఫరెన్స్ (ఫీడ్‌బ్యాక్ పిన్ దగ్గర ఉండాల్సిన వోల్టేజ్) 0.8 వోల్టులే, వృథా ఆ మేరకు తగ్గుతుంది, 2.7 ఓమ్‌లు పెడితే 300 మిల్లీఆంప్స్ వస్తాయి. ఆంప్ దాటి కరెంట్ కావాలంటే మాత్రం ఈ కుస్తీ వద్దు, రెండు ప్రీసెట్లుండే ఎక్స్‌ఎల్4015 బోర్డు కొనుక్కోండి, అందులో కరెంట్ లిమిట్ ముందే ఉంటుంది.