వరంగల్‌లో లా చదువుతూ ఫ్రీ స్పీచ్ స్కాలర్ కావాలంటే

ముందే చెప్పేస్తున్నా, ఇది తొందరగా డబ్బులొచ్చే దారి కాదు. మీతోపాటు ఎల్‌ఎల్‌బీ చేసినవాళ్లు హన్మకొండ కోర్టులో వకాలత్‌లు వేసుకుంటూ బైక్ అమ్మి కారు కొనేసరికి మీరింకా పీహెచ్‌డీ సినాప్సిస్ తిరగరాస్తూ ఉంటారు, ఇంట్లో "ఇంకెన్నాళ్లు చదువు బిడ్డా" అని మొదలుపెడతారు. దానికి సిద్ధమైతేనే మిగతాది చదవండి.

భావ ప్రకటనా స్వేచ్ఛ మీద రెండు మూడు దేశాల చట్టాలను పక్కపక్కన పెట్టి చదవడం, రాయడం, పాఠం చెప్పడం, ఇదీ పని. లాసెట్ రాసి సుబేదారిలో కేయూ లా కాలేజీలో చేరారా, క్లాట్ కొట్టి శామీర్‌పేట నల్సార్‌కి పోయారా అన్నది మొదట్లో అనిపించినంత పెద్ద తేడా కాదు. లైబ్రరీ, మూట్ కోర్టులు, సీనియర్ల పరిచయాలు అక్కడ ఎక్కువే, కాదనను. కానీ ఈ సబ్జెక్టుకు ముడిసరుకు జడ్జిమెంట్లు, అవి ఫోన్లోనే ఫ్రీగా దొరుకుతాయి: మనవి ఇండియన్ కానూన్, ఈ-ఎస్‌సీఆర్‌లో, యూరప్ మానవ హక్కుల కోర్టువి హుడాక్‌లో, కెనడావి కాన్‌లీలో. జర్మనీ రాజ్యాంగ కోర్టు ముఖ్యమైన తీర్పులను తన వెబ్‌సైట్‌లో ఇంగ్లీషులో కూడా పెడుతుంది.

చాలామంది మొదటిరోజే అమెరికా కేసులు పట్టుకుంటారు. వద్దు. కొన్ని నెలలు మన దేశం మీదే ఉండండి. 1950లో మద్రాసు ప్రభుత్వం 'క్రాస్ రోడ్స్' పత్రికను రాష్ట్రంలోకి రానివ్వకుండా ఆపితే, రమేష్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదంది. మరుసటి ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి, మాట స్వేచ్ఛ మీద ఏ కారణాలతో ఆంక్షలు పెట్టొచ్చో చెప్పే 19(2)వ అధికరణంలో పబ్లిక్ ఆర్డర్, విదేశాలతో స్నేహ సంబంధాలు, నేరానికి ప్రేరేపణ అనే కారణాలు చేరాయి. దాంతోపాటు ఆంక్షలు 'సహేతుకంగా' ఉండాలన్న మాట కూడా అప్పుడే వచ్చింది, ఇది మర్చిపోయి మొదటి సవరణను ఉత్త దెబ్బగా రాసేవాళ్లు బోలెడుమంది. 1963లో సార్వభౌమాధికారం, సమగ్రత కూడా కలిశాక మొత్తం ఎనిమిది కారణాలయ్యాయి. అమెరికాకు 1791 నుంచి ఉన్న మొదటి సవరణలో ఇలాంటి జాబితానే లేదు, అక్కడ మినహాయింపులన్నీ కోర్టులు కట్టినవి. జర్మనీలో 5వ అధికరణం స్వేచ్ఛ ఇస్తుంది గానీ దాన్ని మానవ గౌరవం గురించిన 1వ అధికరణంతో కలిపి చదువుతారు. ఈ మూడు కట్టడాల తేడా ఒంటబట్టకుండా "అమెరికాలో స్వేచ్ఛ ఎక్కువ, మన దగ్గర తక్కువ" అని రాసేస్తే అది స్కాలర్‌షిప్ కాదు, చాయ్ దుకాణం ముచ్చట.

ఇప్పుడు అసలు పని. ఏ జడ్జిమెంట్ చదివినా పెన్సిల్ పట్టుకుని విదేశీ కేసు పేరు వచ్చిన ప్రతిచోటా గీత పెట్టండి. పక్కన మూడు సంగతులు రాసుకోండి: జడ్జి దాన్ని ఎందుకు తెచ్చారు, అందులో ఏం వదిలేశారు, అది లేకపోయినా తీర్పు ఇలాగే వచ్చేదా. మొదట శ్రేయా సింఘాల్ మీద చేయండి. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజ్‌లు పెడితే శిక్ష వేసే ఐటీ చట్టం సెక్షన్ 66ఏని 2015లో కొట్టేసిన ఈ కేసును విన్న ఇద్దరు జడ్జిల్లో మన తెలుగాయన జస్టిస్ చలమేశ్వర్ ఒకరు, తీర్పు రాసింది జస్టిస్ నారిమన్. చర్చించడం, సమర్థించడం, రెచ్చగొట్టడం వేరువేరని, మూడోదాకా పోతేనే ఆంక్ష పెట్టొచ్చని అందులో ఉంటుంది, అమెరికా చట్టానికీ మనదానికీ ఎక్కడ తేడా ఉందో కూడా చర్చించారు. తర్వాత బ్రాండెన్‌బర్గ్ చదవండి. 1969 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు, చిన్నదే, ఒక్క సాయంత్రం చాలు. వెంటనే జరగబోయే చట్టవిరుద్ధమైన పనికి ఉసిగొల్పడం, అది జరిగే అవకాశం నిజంగా ఉండటం, రెండూ ఉంటేనే అక్కడ శిక్ష.

దానికంటే నాకిష్టమైనది పరువు నష్టం దారి. అలబామాలో సలివన్ అనే సిటీ కమిషనర్ న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ప్రకటన మీద దావా వేస్తే జ్యూరీ 5 లక్షల డాలర్లు ఇప్పించింది. 1964లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, అధికారి గెలవాలంటే అబద్ధమని తెలిసే రాశారనో, నిజమో కాదో లెక్కచేయకుండా రాశారనో రుజువు చేయాలంది. మన దగ్గర 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఆ సలివన్ సూత్రాన్ని పట్టుకొచ్చి, అధికార విధుల గురించి రాసినదానికి అధికారులు నష్టపరిహారం అడగాలంటే అలాంటి గడప దాటాలన్నారు. బాగుంది కదా? 2016కి వచ్చేసరికి సుబ్రహ్మణ్యస్వామి కేసులో క్రిమినల్ పరువు నష్టం రాజ్యాంగబద్ధమేనని, పేరు ప్రతిష్ఠలు జీవించే హక్కు ఇచ్చే 21వ అధికరణంలో భాగమని సుప్రీంకోర్టే చెప్పింది. అంటే సివిల్ తలుపుకు తాళం పడింది, క్రిమినల్ తలుపు బార్లా తెరిచే ఉంది. సూత్రాన్ని అమెరికా నుంచి తెచ్చుకున్నప్పుడు ఏం మిగిలిపోయిందో ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది, దీనిమీద ఒక పీహెచ్‌డీ పడుతుంది.

ప్రశ్నను మాత్రం మన ఊళ్ల నుంచే తీయండి. భూపాలపల్లిలో ఒక కుర్రాడు లోకల్ లీడర్‌ని తిడుతూ వాట్సాప్ స్టేటస్ పెట్టాడనుకుందాం. పరువు నష్టం అంటే పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టలేరు, సదరు వ్యక్తి కోర్టులో కంప్లైంట్ వేసుకోవాలి. అందుకే ఇలాంటివాటికి భారతీయ న్యాయ సంహితలోని 353 (అలజడి రేపే మాటలు), 196 (వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం) లాంటి సెక్షన్లు వచ్చి అతుక్కుంటాయి. అదే స్టేటస్‌ని యూరప్‌కి తీసుకెళ్లండి. 1986లో లింగెన్స్ కేసులో, ఆస్ట్రియా ఛాన్సలర్‌ని విమర్శించిన జర్నలిస్టుకు వేసిన జరిమానా తప్పని స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు చెప్పింది. రాజకీయ నాయకుడు మామూలు మనిషి కంటే ఎక్కువ విమర్శ భరించాలన్నది అక్కడి మాట. మరి యూరప్ అంతా స్వేచ్ఛే అనుకుంటారేమో, జర్మనీలో రాజకీయ నాయకులను అవమానించడానికి విడిగా నేర సెక్షన్ ఉంది, 2021లో దాన్ని ఇంకా పెంచారు. మళ్లీ ఇంటికి రండి: 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు ఒక కవిత మీద పెట్టిన ఎఫ్‌ఐఆర్‌ని కొట్టేస్తూ, మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే ఇలాంటి కేసుల్లో ముందు ప్రాథమిక విచారణ చేయడమే సరైనదంది. అదే ఏడాది సెప్టెంబరులో మన హైకోర్టు కూడా సోషల్ మీడియా పోస్టుల కేసులపై పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్క స్టేటస్, ఇన్ని కోర్టులు. ఐదారు దేశాల పట్టిక వేసి కూర్చోకండి, వైవాలో ఎవరో ఒకరు నాలుగో దేశం గురించి అడిగితే నోట మాట రాదు.

మన ప్రాంతం వాళ్లకు ఒక అదనపు ఆస్తి ఉంది, ఎవరూ ముట్టుకోవడం లేదు. నిజాం కాలంలో అనుమతి లేకుండా సభ పెట్టకూడదన్న గస్తీ నిషాన్ 53 మన తాతలకు బాగా తెలుసు. కాళోజీ లా చదివినవాడే, నిజాం హయాంలో వరంగల్ నగర బహిష్కరణ అనుభవించాడు. మహబూబాబాద్ దగ్గర సుబ్రవేడులో పుట్టిన షోయబుల్లాఖాన్‌ని 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్' పత్రికలో రాసిన రాతలకే చంపారు. బ్రిటిష్ ఇండియా రాజద్రోహం చట్టం మీద రాసినవాళ్లు కొల్లలు, సంస్థానాల్లో మాట మీద ఆంక్షలు ఎలా నడిచాయన్నదానికి మాత్రం తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కి పోయి ఉర్దూ కాగితాలు తిరగేయాలి. ఉర్దూ చదవడం నేర్చుకోండి. జర్మన్ కంటే ముందు అదే నేర్చుకోమంటాను, నలుగురు నవ్వినా సరే.

రాయడం కాలేజీలో ఉండగానే మొదలవ్వాలి. ఒక కొత్త తీర్పు తీసుకుని పదిహేను వందల పదాల్లో కేస్ కామెంట్ రాయండి, తీర్పు సారాంశం రెండు పేరాలు దాటకూడదు, మిగతాదంతా మీ వాదన. వారంలో పబ్లిష్ చేస్తాం, ఫీజు కట్టండి అనే జర్నళ్ల జోలికి పోవద్దు. మంచి జర్నళ్ల జాబితాగా వాడిన యూజీసీ కేర్ లిస్టు 2025లో పోయింది కాబట్టి ఏది మంచి జర్నలో మీరే చూసుకోవాలి. ఎడిటోరియల్ బోర్డులో ఉన్నవాళ్లు నిజంగా ఏమైనా రాశారా అని వెతికితే సగం సంగతి తేలిపోతుంది.

ఎల్‌ఎల్‌ఎం, లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ గురించి క్లుప్తంగా. ఎల్‌ఎల్‌ఎం పీజీలాసెట్‌తో ఇక్కడే చేయొచ్చు, రాజ్యాంగ చట్టం స్పెషలైజేషన్ తీసుకోండి. నెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, 150 ప్రశ్నల్లో ఒక్కటీ వదలకండి. అందులో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదట నెలకు 37 వేలు, ఇంట్లో టెన్షన్ సగం తగ్గుతుంది. విదేశాలకైతే చెవెనింగ్, కామన్‌వెల్త్, ఫుల్‌బ్రైట్-నెహ్రూ, జర్మనీకి డాడ్ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధిలో 20 లక్షల దాకా ఇస్తారు, మీ కోర్సు, మీ దేశం జాబితాలో ఉన్నాయో లేవో అడ్మిషన్ ఫీజు కట్టకముందే చూసుకోండి. గైడ్‌ని మాత్రం పేరు చూసి ఎంచుకోవద్దు. వాళ్ల దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లను పట్టుకుని, ఇచ్చిన చాప్టర్ ఎన్ని నెలలకు తిరిగి వస్తుందో అడగండి.

చివరగా, చాలామంది అడిగేది: కోర్టు వదులుకోవాలా? పూర్తికాలం జీతం తీసుకునే లెక్చరర్ ఉద్యోగంలో చేరితే ప్రాక్టీస్ ఆపాలి. కానీ బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం అడ్వకేటుగా ఉంటూనే రోజుకు మూడు గంటలు మించకుండా లా పాఠాలు చెప్పొచ్చు. పీహెచ్‌డీకి ముందు రెండు మూడేళ్లు అలా నడిపితే మంచిది, ఎఫ్‌ఐఆర్ కాగితం చేత్తో పట్టుకుని మేజిస్ట్రేట్ ముందు నిలబడినవాడు రాసే చాప్టర్ వేరేగా ఉంటుంది. పార్ట్ టైమ్‌కి కాలేజీలు ఇచ్చేది పెట్రోల్‌కి కూడా సరిపోకపోవచ్చు, అది ముందే మాట్లాడుకోండి.